సిమి: చివరి పడవ వెళ్ళాక మొదలయ్యే ఊరు

గ్రీసులోని రోడ్స్ దీవి నుంచి ఒక్కరోజు టికెట్ మీద వచ్చేవాళ్ళు పక్కనున్న చిన్న దీవి సిమిని చూసేది మిట్టమధ్యాహ్నం. ఎండ నడినెత్తిన ఉంటుంది, రేవంతా జనమే, భోజనశాలల్లో హడావుడి. సాయంత్రం ఆ పడవలు వెళ్ళిపోయాక గానీ ఊరు ఊరులా ఉండదు. అందుకని కనీసం రెండు రాత్రులు ఉండాలి. అంత తీరిక లేకపోతే ఆ రోజు రోడ్స్ పాతకోటలో గడపడమే నయం.

సిమిలో విమానాశ్రయం లేదు. రోడ్స్‌లో దిగి పడవ ఎక్కాలి. వేగంగా వెళ్ళే కాటమరాన్ గంటలోపే చేరుస్తుంది, పెద్ద ఫెర్రీకి ఇంకాస్త ఎక్కువ పడుతుంది. జులై, ఆగస్టుల్లో 'మెల్తెమి' అనే ఉత్తరగాలి ముదిరితే ముందు ఆగిపోయేవి వేగపు పడవలే. తిరుగు విమానం ఉన్న రోజునే సిమి నుంచి బయల్దేరేలా పెట్టుకోవద్దు, ముందురోజే రోడ్స్ చేరుకోండి.

బస విషయంలో తేల్చుకోవాల్సింది ఒక్కటే: కిందా, పైనా? కింద రేవు చుట్టూ ఉన్నది యాలోస్, కొండమీది పాత ఊరు హోరియో. రెంటినీ కలిపేది 'కాలి స్త్రాతా' అనే రాతి మెట్లదారి, దాదాపు 500 మెట్లు. చక్రాల పెట్టె అక్కడ పనికిరాదు, వీపు సంచీ మేలు. హోరియోలో గాలి బాగుంటుంది, గదికిటికీ తీస్తే రేవంతా కనిపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం యాలోస్‌లోనే దిగాలి. అక్కడా 'రేవుకి దగ్గర' అన్న మాటను నమ్మేయకుండా గదికి ఎన్ని మెట్లో అడిగి తెలుసుకోండి. యాలోస్ నుంచి హోరియో మీదుగా పేది అనే తీరపు పల్లె దాకా చిన్న బస్సు తిరుగుతుంది గానీ అది మెట్లదారి ఇళ్ళ గుమ్మం దాకా రాదు. యాలోస్ చుట్టూ కొండలు గిన్నెలా ఉంటాయి. పగలు కాగిన రాయి రాత్రి దాకా వేడి కక్కుతుంది కాబట్టి నడివేసవిలో ఏసీ లేని గది వద్దు. మే, జూన్, సెప్టెంబరు చివర హాయి. మరుగుదొడ్డి గొట్టాలు సన్నం, కాగితం బుట్టలోనే వేయమంటారు. నీళ్ళు అలవాటైనవాళ్ళు పెట్టెలో ఒక ప్లాస్టిక్ మగ్గు పడేసుకుంటే సుఖం.

ఈ బోడి కొండమీద ముక్కోణపు ముఖద్వారాలతో, పసుపు, గులాబి, నీలం రంగుల్లో ఇంత దర్జా ఇళ్ళు కట్టడానికి డబ్బెక్కడిది? సముద్రపు స్పాంజి, అంటే ఒళ్ళు రుద్దుకోవడానికి వాడే, సముద్రం అడుగున పెరిగే మెత్తని జీవి. ఒకప్పుడు గజ ఈతగాళ్ళు బల్లపరుపు రాయొకటి చేత పట్టుకుని, ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు. 1860ల్లో గాలిగొట్టం ఉన్న లోహపు టోపీ, డైవింగ్ దుస్తులు వచ్చాయి. లోతున ఎక్కువసేపు ఉండటం కుదిరింది, సంపదా పెరిగింది. కానీ గబగబా పైకి వస్తే నెత్తురులో నత్రజని బుడగలు కట్టి కాళ్ళు చచ్చుబడేవి, ప్రాణాలూ పోయేవి. 1900లో ఆంటికితెరా అనే గ్రీకు దీవి దగ్గర మునిగిన ప్రాచీన ఓడను కనిపెట్టింది సిమి స్పాంజి పడవవాళ్ళే. సారంగు దిమిత్రియోస్ కొందోస్, ముందు దిగినవాడు ఇలియాస్ స్తాదియాతిస్. గ్రహగతులను లెక్కగట్టే ఆంటికితెరా యంత్రం ఆ ఓడలోదే, ఇప్పుడు ఏథెన్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది.

1912లో ఇటలీ ఈ దీవిని ఆక్రమించింది, స్పాంజి వ్యాపారం పడిపోయింది, జనం వలసపోయారు. ఒకప్పుడు 20,000కి పైన ఉన్న జనాభా ఇప్పుడు రెండున్నర వేల చిల్లర. హోరియో పైభాగంలో కప్పులేని ఇళ్ళు అందుకే కనిపిస్తాయి. 1945 మే 8న దొదెకనీస్ దీవుల్లోని (సిమి, రోడ్స్ ఉన్న దీవుల గుంపు) జర్మన్ సేనలు లొంగిపోతూ సంతకం చేసింది యాలోస్ రేవు ఒడ్డునున్న ఇంట్లోనే. గోడమీద ఫలకం ఉంది, చాలామంది చూడకుండానే దాటిపోతారు.

దక్షిణపు కొసన పనోర్మితిస్ మఠం ఉంది. వెండి తొడుగుతో మిఖాయేలు దేవదూత పటం, చెక్కిన కొయ్య తెర చూడదగ్గవి. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. రోడ్స్ విహార పడవలు ఇక్కడ కాసేపే ఆపుతాయి, తీరిగ్గా చూడాలంటే యాలోస్ నుంచి విడిగా వెళ్ళడం మంచిది. అయ్యోస్ యోర్గోస్ తీరానికి పడవే దారి. నిట్టనిలువు కొండ చరియ కింద గులకరాళ్ళు, దుకాణమంటూ ఏదీ ఉండదు. నీళ్ళు, గొడుగు, చెప్పులు తప్పనిసరి. దిగేటప్పుడే చివరి పడవ వేళ అడగాలి.

తిండికి సిమి చిట్టి రొయ్యలకి పేరు. పెంకుతో సహా వేయించి పెడతారు, అలాగే నమిలేయాలి. శాకాహారులు 'నిస్తీసిమో' అని అడగవచ్చు, అంటే ఉపవాసపు వంట: మాంసం, గుడ్లు, పాలు ఉండవు. అయితే రొయ్యలు, కణవలు (స్క్విడ్) ఆ ఉపవాసంలో నిషిద్ధం కావు, కాబట్టి అవీ వద్దని విడిగా చెప్పాలి. ముద్దపప్పు తినేవాళ్ళకి 'ఫావా' అనే మెదిపిన పప్పు నచ్చుతుంది. కూరిన టమాటాల్లో ఒక్కోచోట ఖీమా ఉంటుంది, అడగకుండా తీసుకోవద్దు.

టర్కీ తీరం ఎదురుగానే ఉంది. ఫోను తనంతట తానే టర్కీ టవరు పట్టేసి రోమింగ్ బిల్లు వాయిస్తుంది, నెట్‌వర్కును చేత్తో ఎంచుకోండి. ఆ ఒడ్డునున్న టర్కీ ఊరు దాత్చాకి సరదాగా పడవెక్కే ముందు వీసా చూసుకోవాలి. భారత పాస్‌పోర్టు మీద ఒక్కసారి ప్రవేశానికే షెంగెన్ వీసా (గ్రీసు సహా పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా) ఉంటే మళ్ళీ సిమిలోకి రానివ్వరు, టర్కీ వీసా సంగతి వేరే.

రేవులో అమ్మే స్పాంజీలన్నీ ఇక్కడి నీళ్ళలోవి కావు. 1986 నుంచి మధ్యధరాలో తెగులు సోకి చాలా మటుకు పోయాయి. లేత పసుపువి రసాయనాలతో తెల్లబరిచినవి, చూడ్డానికి బాగుంటాయి గానీ త్వరగా పిగిలిపోతాయి. గోధుమరంగువే మన్నుతాయి. ఎండినప్పుడు గట్టిగా ఉన్నది తడపగానే మెత్తబడాలి, కాబట్టి కొనేముందు నీళ్ళలో ముంచి చూపించమనండి.