ఈమెయిల్ తేదీలతో పైథాన్: ఆరేళ్ల వాడకం తరువాత

పాత ఈమెయిళ్లను కాలక్రమంలో పేర్చే ప్రోగ్రామ్‌లో ఆరేళ్లుగా నేను పైథాన్ ప్రోగ్రామింగ్ భాషతో పాటే వచ్చే ఈమెయిల్ డాట్ యుటిల్స్ మాడ్యూల్‌ను (సిద్ధంగా ఉన్న ఫంక్షన్ల కట్టను) వాడుతున్నాను. అంతకుముందు వాడిన, తేదీలను చదివే స్ట్రప్‌టైమ్ ఫంక్షన్ వారాల, నెలల పేర్లను లొకేల్‌ను (యంత్రంలో అమర్చిన భాష, ప్రాంతాలను) బట్టి చదువుతుంది కనుక, లొకేల్ మార్చిన సర్వర్ మీద ఇంగ్లిష్ నెలలనే గుర్తించేది కాదు.

పైథాన్ 3.3లో వచ్చిన పార్స్‌డేట్_టు_డేట్‌టైమ్ ఫంక్షన్‌కు ఆ బెడద లేదు. వారం పేరు లేకపోయినా, చివర కుండలీకరణాల్లో జోన్ (సమయ మండలం) పేరు తగిలించి ఉన్నా తడబడదు. భారత సమయాన్ని సూచించే +0530ను, అంటే ఐదున్నర గంటల తేడాను, 19,800 సెకన్లుగా సరిగ్గానే లెక్కిస్తుంది.

నా ఫిర్యాదంతా ఆ మాడ్యూల్ మౌనం మీదే. ఈఎస్‌టీ, పీఎస్‌టీ వంటి అమెరికా జోన్ల పేర్లు ఆ మాడ్యూల్ పట్టికలో ఉన్నాయి గానీ మన భారత ప్రామాణిక సమయానికి వాడే ఐఎస్‌టీ లేదు. ఇజ్రాయెల్, ఐర్లండ్‌లు కూడా అవే అక్షరాలు వాడతాయి కనుక లేకపోవడాన్ని తప్పుపట్టను. కానీ తెలియని పేరు ఎదురైతే ఆ మాట చెప్పకుండా, అందులోని పాత ఫంక్షన్ పార్స్‌డేట్_టీజెడ్ దానిని సున్నా తేడాగా, అంటే యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) తీసుకుంటుంది. ఒక కార్యాలయపు పాత సర్వర్ ఐఎస్‌టీ అని రాసి పంపిన ఉదయం 10 గంటల ప్రశ్న ఈ కారణంగా మా జాబితాలో మధ్యాహ్నం 3:30కు జరిగిపోయి, 11 గంటలకు వెళ్లిన జవాబు దానికంటే పైన కూర్చుంది. బిడ్డ ముందు, తల్లి తరువాత పుట్టిన ఈ వింతను పసిగట్టడానికి మాకు రెండు వారాలు పట్టింది.

కొత్త ఫంక్షన్ ఇక్కడ కొంత నయం. అది జోన్ లేని డేట్‌టైమ్‌ను (తేదీ, సమయం కలిపిన విలువను) ఇస్తుంది. దానిని జోన్ ఉన్న మరొకదానితో ఏది ముందో పోల్చబోతే టైప్‌ఎర్రర్ అనే దోషం వచ్చి తప్పు బయటపడుతుంది. అయితే -0000 అని ఉన్న తేదీ కూడా అచ్చం అలాగే తిరిగివస్తుంది. ఈమెయిల్ రూపాన్ని నిర్దేశించే ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5322 ప్రకారం అది యూటీసీ సమయమే, పంపినచోటి జోన్ మాత్రమే తెలియదు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం నాకు నచ్చలేదు.

పైథాన్ 3.10కు మారినప్పుడు, చదవలేని తేదీకి టైప్‌ఎర్రర్ బదులు వాల్యూఎర్రర్ రావడంతో దోషాలను పట్టుకునే ఎక్సెప్ట్ వరుసను దిద్దాల్సి వచ్చింది. అది చిన్న పని.

ఇప్పుడు జోన్ లేని ఫలితం వస్తే ఈమెయిల్ తేదీ హెడర్ (పైభాగంలోని తేదీ వరుస) చివరి భాగాన్ని నేనే చూస్తాను: -0000 అయితే యూటీసీని, మనవాళ్ల సర్వర్ రాసిన ఐఎస్‌టీ అయితే పైథాన్ జోన్ల మాడ్యూల్ జోన్‌ఇన్ఫోలోని ఆసియా/కోల్‌కతాను జతచేస్తాను, మరేదైనా అయితే ఈమెయిల్ అందినప్పుడు మా సర్వర్ చేర్చిన రిసీవ్డ్ హెడర్‌లో సెమీకోలన్ తరువాతి సమయాన్ని తీసుకుంటాను.