మాస్టెక్టమీ రికవరీ కిట్: లోబట్ట కొనండి, మిగతావి ఇంట్లోనే ఉన్నాయి

రొమ్ము తొలగించే ఆపరేషన్‌కు తేదీ ఖాయమయ్యాక ఆన్‌లైన్‌లో వెతికితే రకరకాల 'రికవరీ కిట్'లు కనిపిస్తాయి. పేర్లు వేరైనా పెట్టెలో ఉండేవి దాదాపు ఒకటే. ముందు తెరుచుకునే లోబట్ట, దానికి అతికించుకునే రెండు జేబులు, రొమ్ము స్థానంలో పెట్టుకోవడానికి ఫైబర్ నింపిన రెండు మెత్తలు, మెడలో వేసుకునే తాడు, చంకలో పెట్టుకునే హృదయాకారపు దిండు, సీటుబెల్టు దిండు, కొలత కప్పు, అంకెలు రాసుకునే చార్టు. ఇంకాస్త పెద్ద కిట్‌లో ఏటవాలు దిండు కూడా వస్తుంది. వీటిలో ఇంట్లో తయారు చేసుకోలేనిది లోబట్ట ఒక్కటే. అది విడిగా దొరికితే కిట్టు జోలికి పోనక్కర్లేదు.

లోబట్టకు అంత విలువ ఎందుకంటే డ్రెయిన్ వల్ల. రొమ్ము కణజాలం తీసేశాక చర్మం కింద ఖాళీ మిగులుతుంది. చంకలోని లింఫు గ్రంథులు కూడా తీస్తే తెగిన నాళాల నుంచి నీరు మరింత ఊరుతుంది. ఆ నీరు లోపలే నిలవకుండా చంక కింద, పక్కటెముకల దగ్గర సన్నని పైపు పెట్టి ఒక కుట్టుతో చర్మానికి బిగిస్తారు. పైపు చివర జాక్సన్-ప్రాట్ రకమైతే సుమారు 100 మి.లీ. పట్టే మెత్తని బల్బు ఉంటుంది. దాన్ని నొక్కి, గాలి పోగొట్టి, మూత పెడితే మళ్లీ ఉబ్బాలని చూస్తుంది. నీటిని లాగేది ఆ బలమే. 24 గంటల్లో వచ్చే నీరు 20–30 మి.లీ. కంటే తగ్గేదాకా డ్రెయిన్ ఉంచుతారు. చాలామందికి ఇది ఒకటి నుంచి మూడు వారాల వ్యవహారం. అన్నాళ్లూ నిద్రలో, నడకలో, బాత్రూమ్‌లో ఆ బల్బు ఒంటిని పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది. దాని బరువు పైపు మీద పడితే కుట్టు దగ్గర చర్మం లాగి ఎర్రబడుతుంది. పైపు వంపు తిరిగి నొక్కుకుపోతే నీరు లోపలే ఆగిపోతుంది.

అందుకే లోబట్టను చూసేటప్పుడు గుడ్డ మెత్తదనం కన్నా ముందు జేబు ఎక్కడుందో చూడండి. పైపు బయటికి వచ్చేది పక్కన. జేబు దానికి కాస్త కింద, అదే పక్కన ఉండాలి. కొన్ని తయారీల్లో జేబులు పొట్ట మధ్యకు వచ్చేలా కుట్టేస్తున్నారు. ఫొటోలో ముచ్చటగానే ఉంటుంది కానీ పైపు పక్క నుంచి ముందుకు తిరగాలి, తిరిగిన చోట లోబట్ట అంచు ఎలాస్టిక్ దాన్ని నొక్కుతుంది. కుట్టేసిన జేబుల కన్నా, వెల్క్రోతో ఎక్కడ కావాలంటే అక్కడ అతికించుకునేవి నయం. నడుం చుట్టూ వెల్క్రో అతుక్కునే పట్టీ ఉంటే ఇంకా మంచిది. డ్రెయిన్లు ఒకటా, రెండా, ఏ వైపు అన్నది ఒక్కోసారి ఆపరేషన్ అయ్యేదాకా తేలదు మరి.

జేబు మూతి వెడల్పు కూడా ముఖ్యమే. బల్బు పిడికిలంత ఉంటుంది. మూతి ఇరుకైతే తీసిన ప్రతిసారీ పైపును పట్టి లాగాల్సి వస్తుంది, సరిగ్గా చేయకూడని పని అదే. జేబు జాలీ గుడ్డతో ఉంటే బల్బు తీయకుండానే నీటి రంగు, మట్టం కనిపిస్తాయి. ఈ చిన్న సంగతి చాలా కిట్లకు తట్టలేదు. మరో ముఖ్యమైన మాట. డ్రెయిన్ అంటే అందరికీ బల్బే కాదు, కొన్ని ఆసుపత్రుల్లో ముడతల డబ్బా రకం వాడతారు. అది దీనికన్నా బాగా పెద్దది, ఈ జేబుల్లో పట్టదు. కొనే ముందే సర్జన్‌ను గానీ వార్డు నర్సును గానీ "ఏ రకం డ్రెయిన్ పెడతారు?" అని అడగండి. డబ్బా రకమైతే భుజానికి వేసుకునే చిన్న గుడ్డ సంచే సరైనది, ఈ లోబట్టతో పనిలేదు.

ఇక ముందుభాగం మూసుకునే పద్ధతి. జిప్పు నున్నగానే జారుతుంది, కానీ కింద రెండు కొసలనూ కలిపి పట్టుకుని పైకి లాగడానికి రెండు చేతులకూ బలం కావాలి. మొదటి వారం ఆపరేషన్ వైపు చేయి అంతగా సహకరించదు. జిప్పు వెనక గుడ్డ పట్టీ లేకపోతే లోహపు పళ్లు చర్మానికి తగులుతాయి. వెల్క్రో వేసుకోవడం తేలికే, అయితే దాని గరుకు వైపు కట్టుగుడ్డ దారాలను పట్టేస్తుంది. నాలుగు ఉతుకులకు పీచు నిండి పట్టు సడలుతుంది కూడా. మా ఓటు పెద్ద హుక్కులకు, ఒకే వరుసలో ఉంటే. చిన్న హుక్కులు మూడు వరుసల్లో ఉన్నవి మాత్రం వద్దు, సరిగా సహకరించని చేతికి అవి అందవు. భుజం పట్టీలు కూడా ముందు నుంచి విడదీసుకునేలా ఉంటే చేయి ఎత్తే పనే ఉండదు. తల మీదుగా తొడుక్కునేవి ఎంత సాగేవైనా తీసుకోకండి. కాళ్ల నుంచి పైకి లాక్కోవచ్చని రాసినవీ ఉన్నాయి. డ్రెయిన్లు లేని రోజుల్లో అవి బాగానే ఉంటాయి.

సైజు కోసం ఆపరేషన్‌కు ముందే రొమ్ము కింద చుట్టుకొలత, బాగా వెడల్పైన చోట చుట్టుకొలత రెండూ తీసుకోండి. రెండు సైజుల మధ్య వస్తే పెద్దది ఎంచుకోండి, వాపూ కట్టూ కలిసి చోటు ఆక్రమిస్తాయి. పట్టీ కింద రెండు వేళ్లు తేలిగ్గా దూరాలి. ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. ప్యాకెట్ మీద 'కంప్రెషన్' అని గొప్పగా రాసి ఉంటుంది. మామూలు మాస్టెక్టమీకి కొందరు సర్జన్లు కొద్దిపాటి బిగువు కావాలంటారు. కానీ అదే ఆపరేషన్‌లో పొట్ట నుంచో వీపు నుంచో కణజాలం తెచ్చి రొమ్మును పునర్నిర్మించి ఉంటే, బిగువు వల్ల ఆ కణజాలానికి రక్తం తీసుకెళ్లే నాళాలు నొక్కుకుపోయి అది దెబ్బతినవచ్చు. ఎక్స్‌పాండర్ (చర్మాన్ని మెల్లగా సాగదీయడానికి లోపల పెట్టే సంచి) పెట్టినా ఎంత బిగువు ఉండాలో సర్జనే చెప్పాలి, అట్టపెట్టె కాదు.

ఒక్కటి చాలదు, రెండు కావాలి. డ్రెయిన్ చుట్టూ కాస్తో కూస్తో కారడం మామూలే, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకోటి ఒంటి మీద ఉండాలి. కొత్తదాన్ని ఆపరేషన్‌కు ముందే ఒకసారి ఉతికి పెట్టుకోండి. మరకలకు చల్లని నీళ్లే వాడండి, వేడి నీళ్లు పోస్తే రక్తపు మరక గట్టిపడుతుంది.

మెడతాడు సంగతి రెండు ముక్కల్లో. స్నానానికి సర్జన్ ఒప్పుకున్నాక, లోబట్ట విప్పిన ఆ పది నిమిషాలూ బల్బుకు ఆధారంగా పనికొస్తుంది. రోజంతా వేసుకుంటే మెడ పట్టేస్తుంది. ఇంట్లో ఉన్న వెడల్పాటి రిబ్బను చాలు. బల్బుకు ఉండే ప్లాస్టిక్ చెవికి పిన్నీసు పెట్టి రిబ్బనుకు తగిలించండి. పిన్నీసు పైపుకు మాత్రం ఎన్నడూ గుచ్చవద్దు. చిన్న బెజ్జం పడినా గాలి దూరి లాగే శక్తంతా పోతుంది.

కొలత కప్పు సాధారణంగా ఆసుపత్రే ఇస్తుంది. 5 మి.లీ. గీతలున్నదైతే సరి. కిట్లలో వచ్చే చార్టు చూస్తే మాత్రం వాడినవాళ్లు గీసింది కాదని తెలిసిపోతుంది. రోజుకు ఒకే గడి, 'మొత్తం' అని. డ్రెయిన్లు రెండున్నప్పుడు కలిపి రాస్తే దేన్ని తీయొచ్చో సర్జన్‌కు తెలియదు. 1, 2 అని టేపు మీద రాసి బల్బులకు అంటించి, ఉదయం, సాయంత్రం విడివిడిగా రాయాలి. మామూలు నోటుపుస్తకంలో నాలుగు గీతలు గీస్తే చాలు.

ఖాళీ చేసే పద్ధతి కిట్ కరపత్రంలో 'మూత తీసి పోయండి' అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నిజానికి ఇలా చేయాలి. ముందు చేతులు కడుక్కోవాలి. పైపును చర్మానికి దగ్గరగా ఒక చేత్తో గట్టిగా పట్టుకుని కదలనివ్వకుండా, రెండో చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య పైపును నొక్కుతూ బల్బు వైపు జార్చాలి. లోపల పేరుకున్న గడ్డలు దీంతో కిందికి దిగుతాయి. పై చెయ్యి పట్టు వదిలితే లాగుడంతా కుట్టు మీద పడుతుంది. తర్వాత మూత తీసి కప్పులోకి వంచి, కప్పును బల్ల మీద పెట్టి కంటి ఎత్తున చూసి అంకె రాసుకోవాలి. బల్బును పూర్తిగా నొక్కి, నొక్కి ఉంచే మూత పెట్టాలి. ఎక్కువమంది మరిచిపోయేది ఇదే. ఉబ్బిన బల్బుకు మూత పెడితే అది వట్టి సీసాతో సమానం. సగం నిండాక లాగే బలం తగ్గుతుంది కాబట్టి వేళ కాకపోయినా ఖాళీ చేసేయాలి. మూత సరిగా పెట్టినా బల్బు వెంటనే గాలితో ఉబ్బిపోతుంటే పైపు కాస్త జారి దాని బెజ్జం చర్మం బయటికి వచ్చి ఉండవచ్చు. అలాంటప్పుడు ఆసుపత్రికి ఫోన్ చేయాలి తప్ప లోపలికి తొయ్యకూడదు.

నీటి రంగు మొదట్లో ఎర్రగా ఉండి, గులాబీ రంగుకు మారి, క్రమంగా లేత పసుపుకు వస్తుంది. చార్టు వెనక అచ్చు వేయాల్సింది నిజానికి ఇవి: బల్బు చిక్కటి ఎర్రటి రక్తంతో గబగబా నిండటం, నిన్నటిదాకా వచ్చిన నీరు హఠాత్తుగా ఆగి ఛాతీ ఉబ్బటం, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటటం, గాటు చుట్టూ ఎరుపు పాకటం, దుర్వాసన. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఫోన్ చేయాలి. పిక్కలో నొప్పి, వాపు గానీ ఊపిరి అందకపోవడం గానీ ఉంటే ఫోన్లతో కాలయాపన చేయకుండా అత్యవసర విభాగానికే వెళ్లాలి. మేం చూసిన చార్టుల వెనక కంపెనీ ప్రకటన ఉంది.

దిండ్లలో హృదయాకారపుది కాస్త మెచ్చుకోదగ్గది. దాని పల్లం చంకలో ఇమిడి చేయి గాటుకు రాసుకోకుండా ఆపుతుంది. మెత్తటి తువ్వాలు మడిచి పెట్టినా ఇదే పని జరుగుతుంది. కొన్నిటితో పాటు వేడి చేసి పెట్టుకునే సంచి ఇస్తున్నారు. దాన్ని పక్కన పడేయండి. చంకలో కోసినప్పుడు పైచేతి లోపలి చర్మానికి స్పర్శనిచ్చే నరం తరచుగా దెబ్బతింటుంది, ఛాతీ చర్మమూ మొద్దుబారుతుంది. కాలుతున్నా తెలియదు. సీటుబెల్టు దిండు మరీ మందంగా ఉంటే బెల్టు ఒంటికి దూరమై తన పని తాను చేయలేదు, పల్చటి గుడ్డ మడత చాలు. ఏటవాలు దిండు మీద నిద్రలో కిందికి జారిపోతుంటారు. మోకాళ్ల కింద తువ్వాలు చుట్టి పెడితే జారరు. అయితే గట్టి దిండ్లు రెండు ఒకదాని మీద ఒకటి, చేతి కింద ఇంకొకటి వేసినా అదే ఏటవాలు వస్తుంది.

కొన్ని కిట్లలో చేతికి తొడిగే బిగుతు స్లీవు కూడా కలుపుతున్నారు, లింఫెడీమా (లింఫు నీరు నిలిచి చేయి వాయడం) రాకుండా అంటూ. కొలత తీయకుండా ఇచ్చే స్లీవు మేలు కన్నా కీడే చేస్తుంది. పైన బిగిసి, కింద వదులుగా ఉంటే అరచేయి ఉబ్బుతుంది. అది నిపుణులు కొలిచి ఇవ్వాల్సిన వస్తువు. వ్యాయామానికి ఇచ్చే రబ్బరు పట్టీలు కూడా తొందరపాటే. మొదటి రోజుల్లో చేయాల్సినవి పిడికిలి మూసి తెరవడం, మోచేయి మడిచి చాపడం, భుజాలు మెల్లగా తిప్పడం. డ్రెయిన్ తీసేదాకా చేయి భుజం ఎత్తు దాటకూడదని చాలామంది సర్జన్లు చెబుతారు. తీశాక గోడ మీద వేళ్లతో పైకి పాకించడం మొదలవుతుంది. చంక నుంచి మోచేతి వైపు తాడులా బిగిసినట్టు తగిలితే భయపడి చేయి కదపడం మానేయకండి, ఫిజియోథెరపిస్టుకు చూపించండి.

ఫైబర్ మెత్తలు డ్రెయిన్లు పోయాక అక్కరకొస్తాయి. వెనకవైపు నుంచి సగం ఫైబర్ లాగేస్తే గాటు మీద ఒత్తిడి పడదు. బరువు లేనందున చేయి కదిపినప్పుడల్లా పైకి జరుగుతాయి, అంచును లోబట్టకు రెండు కుట్లు వేస్తే కదలవు. చదునుగానే ఉంటామనుకునేవారికి వీటి అవసరమే లేదు. లోబట్టలో పెట్టుకునే బరువున్న సిలికాన్ కృత్రిమ రొమ్ము గాటు పూర్తిగా మానాకే, సాధారణంగా 6–8 వారాలకు. రేడియేషన్ ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. బార్బీ బొమ్మ సృష్టికర్త రూత్ హ్యాండ్లర్ 1970లో మాస్టెక్టమీ అయ్యాక, తనకు దొరికినవి నచ్చక, 'నియర్లీ మి' పేరుతో సొంతంగా కృత్రిమ రొమ్ములు తయారు చేయించారు. కిట్టులోని మెత్తలను చేతిలోకి తీసుకుంటే ఆవిడ అసంతృప్తి ఇప్పటికీ అర్థమవుతుంది.

డ్రెయిన్ తీశాక కూడా చర్మం కింద నీరు పట్టవచ్చు. కదిలినప్పుడు తొణికినట్టు అనిపిస్తుంది, ఎక్కువైతే డాక్టరు సూదితో తీస్తారు. అప్పుడు జేబులు పీకేసి లోబట్టను మామూలుగా తొడుక్కోవచ్చు, అంచు మెత్తగా ఉన్నదైతే.

లోదుస్తులను ఒకసారి వాడాక చాలా చోట్ల వెనక్కి తీసుకోరు. వచ్చిన రోజునే పల్చటి బనియను మీద వేసుకుని, చిన్న బెలూన్‌లో 100 మి.లీ. నీళ్లు పోసి ముడి వేసి జేబులో పెట్టి చూడండి. కూర్చోండి, వెల్లకిలా పడుకోండి, లేచి ఒక్క చేత్తో హుక్కులు విప్పండి. జేబు కిందికి సాగినా, హుక్కు దగ్గర రెండో చేయి అవసరమైనా ట్యాగు కత్తిరించకుండా తిప్పి పంపండి.