రాణిగంజ్‌లో టాపెట్ కవర్ ప్యాకింగ్ కొనేటోళ్లు జాగ్రత్త, డబ్బా ఒరిజినల్ లోపల మాల్ డూప్లికేట్

అన్నలూ, ఇంట్లనే కారు పని చేసుకునేటోళ్ల కోసం రాస్తున్న, కొంచెం పొడుగైనా చదవండి. మాది పాత వ్యాగనార్, కె సిరీస్ ఇంజన్. టాపెట్ కవర్ (ఇంజన్ పైమూత) చుట్టూ ఆయిల్ కారుతుంటే సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఒక స్పేర్స్ షాపుల ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా ఆ మూత అంచుకి వేసే రబ్బరు) తెచ్చిన. కంపెనీ డబ్బా, హోలోగ్రామ్, పార్ట్ నంబరు అన్నీ ఉన్నయి, రేటు కూడా ఎమ్మార్పీకి కొంచెమే తక్కువ. అక్కడే ఉంది వీళ్ల తెలివి, మరీ చవగ్గా ఇస్తే మనకి డౌటొస్తది కదా.

ఇంజన్ చల్లారినాక కవర్ తీసి, పాత గమ్ము గీకి తుడిచి, టైమింగ్ కవర్ (ఇంజన్ పక్క మూత) ఇంజన్ హెడ్‌కి కలిసే మూలల్లోనే చుక్క సిలికాన్ పెట్టి, బోల్టులు మధ్యలోంచి బయటికి కొంచెం కొంచెం బిగించుకుంటూ వచ్చిన, అదీ ఎంత బిగించామో చూపించే టార్క్ రెంచ్‌తో (ఇంత చిన్న బోల్టులకి 10 న్యూటన్ మీటర్ల దరిదాపు చాలు, మీ బండి మాన్యువల్ చూసుకోండి). కొన్నాళ్లకే ఐడిలింగ్‌ల బండి దడదడ. స్పార్క్ ప్లగ్‌కి కరెంటిచ్చే కాయిల్ పీకి చూస్తే ప్లగ్ కూచునే గుంతలో ఆయిల్ నిలబడ్డది. ఇంకోపక్క కాలిపోయే వేడి మీదుండే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (పొగ బయటికి పోయే గొట్టాలు) మీద చుక్కలు పడి మాడు వాసన, దాన్ని లైట్ తీసుకోవద్దు, మంటలు లేచే ప్రమాదం ఉంటది.

షాపుకి పోతే "ఫిట్టింగ్ మిస్టేక్ భయ్యా, రబ్బర్ ఐటమ్ వాపస్ లేదు" అన్నడు, పైగా ఈసారి సిలికాన్ దట్టంగా పూసెయ్ అని సలహా! అట్ల అస్సలు చెయ్యకండి, ఎక్కువైన సిలికాన్ ఊడి లోపల పడితే ఆయిల్ స్ట్రెయినర్‌కి (ఆయిల్ పీల్చే చోటుండే జల్లెడ) అడ్డం పడతది, ఇంజనే పోతది. నేను ఆథరైజ్డ్ డీలర్ పార్ట్స్ కౌంటర్‌ల ఛాసిస్ నంబరు చెప్పి ఇంకోటి తెచ్చి అదే పద్ధతిల వేసిన, ఇప్పటిదాకా చుక్క కారలే.

రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలిసింది. డూప్లికేట్ దానికి అచ్చు అతుకు దగ్గర రబ్బరు పీలికలు, గోరుతో నొక్కితే పడ్డ గుంత అట్లనే ఉండిపోతుంది. కవర్ బోర్లా పట్టుకుంటే అసలుది గాడిల కూచొని ఉంటది, ఇది మూలల దగ్గర బయటికి తన్నుకొస్తది. ప్లగ్ గుంతల చుట్టూ వచ్చే రబ్బరు రింగులైతే అప్పటికే ప్లాస్టిక్ లెక్క గట్టిపడ్డయి. అందుకే కుదిరితే కవర్, పాత ప్యాకింగ్ షాపుకే పట్టుకపోయి కౌంటర్ మీదనే పెట్టి చూసుకోండి, పక్కా బిల్లు లేకుండా కదలొద్దు.

నా దగ్గర బిల్లు ఉంది కాబట్టి కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టిన. అది నడుస్తుంది కాబట్టి షాపు పేరు ఇక్కడ రాస్తలేను. ఈ మధ్య ఆ షాపుల లైన్లనే ఈ ప్యాకింగ్ కొన్నోళ్లు ఎవరన్నా ఉంటే, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు ఒకసారి కాయిల్ తీసి ప్లగ్ గుంతలు చూసుకోండి.