బీఎల్‌డీసీ సీలింగ్ ఫ్యాన్: మూడేళ్ల వాడకం తరువాత

మూడేళ్ల క్రితం పడకగదిలోని పాత ఫ్యానును తీసి, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ అనే రకం మోటారుతో తిరిగే) ఫ్యానును బిగించుకున్నాను. ప్రకటనల్లోని ఆదా లెక్కలను నమ్మే అలవాటు నాకు లేదు కనుక రెండింటినీ వాట్‌మీటరుతో కొలిచి చూశాను. పూర్తి వేగంలో పాతది సుమారు 75 వాట్లు తీసుకోగా, కొత్తది 30 వాట్లకు అటూ ఇటూగా నిలిచింది. గాలిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

పాత ఫ్యానులోని ఇండక్షన్ మోటారులో తిరిగే భాగానికి సొంత అయస్కాంతం ఉండదు. తీగచుట్టలు ఆ భాగంలోనూ విద్యుత్తును ప్రేరేపిస్తేనే అది కదులుతుంది, ఆ క్రమంలో కొంత విద్యుత్తు వేడిగా మారి పోతుంది. చాలాసేపు తిరిగిన ఫ్యాను మధ్యభాగాన్ని ముట్టుకున్నప్పుడు చేతికి తగిలే వెచ్చదనం, మనం బిల్లు కట్టి పోగొట్టుకున్న కరెంటే. బీఎల్‌డీసీలో తిరిగే భాగానికి శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. ఏసీ కరెంటును డీసీగా మార్చే చిన్న సర్క్యూట్ బోర్డు తీగచుట్టలకు వరుస తప్పకుండా, తగిన క్షణంలో కరెంటు అందిస్తుంది కాబట్టి ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. వేగం తగ్గిస్తే లాభం మరింత స్పష్టం. గాలిని నెట్టడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని అనుసరిస్తుంది గనుక సగం వేగానికి ఎనిమిదో వంతు చాలు. బోర్డు తన వాటా తీసుకున్నా, రెండో నంబరులో నా ఫ్యాను 10 వాట్లు దాటలేదు.

రోజుకు 12 గంటలు పూర్తి వేగంలో తిరుగుతుందనుకుంటే ఏడాదికి దాదాపు 197 యూనిట్లు మిగులుతాయి. బొగ్గుతో తయారైన కరెంటుకు యూనిట్‌కు ఇంచుమించు కిలో కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఒక్క ఫ్యాను మీద తగ్గేది సుమారు రెండు క్వింటాళ్లు. అయితే, తక్కువే కాలుతుంది కదా అన్న ధీమాతో ఎవరూ లేని గదిలో దాన్ని తిరగనిచ్చిన రోజులు నాకున్నాయి. ఆ మేరకు ఈ లెక్కకు నేనే గండి కొట్టాను.

అసలు ఫిర్యాదు వేరు. రెండో ఏడాది ఒక ఉరుముల వానలో బోర్డు కాలిపోయింది. బోర్డును రెజిన్‌లో, అంటే ఆరాక గట్టిపడే జిగురులో, ముంచి మూసేశారు కనుక బాగుచేయడం కుదరదని, మోటారుతో సహా మార్చాలని సర్వీసుకు వచ్చిన వ్యక్తి చెప్పారు. వారంటీ ఉన్నందువల్ల నాకు ఖర్చు కాలేదు గానీ, లోపల చెక్కుచెదరని రాగి తీగ, బేరింగులు, అయస్కాంతాలు అన్నీ ఆ చిన్న పలకతో పాటు తుక్కులోకి పోయాయి. కొన్ని మోటార్లలో వాడే నియోడిమియం అయస్కాంతాల కోసం జరిగే తవ్వకం, శుద్ధి ఎంత రసాయన వ్యర్థాన్ని మిగులుస్తాయో తెలిసినవారికి ఇది చిన్న విషయంగా అనిపించదు. పాత ఫ్యాను ఆగితే ఎలక్ట్రీషియన్ కెపాసిటర్ మార్చి పది నిమిషాల్లో తిప్పించేవాడు.

గోడ రెగ్యులేటరును దీనికి వాడకూడదు, తీసేయించాలి. తక్కువ వేగంలో పాతదానిలా గుయ్‌మనదు. రిమోటు దిండు కింద పోవడం తప్ప దానితో ఇబ్బంది లేదు.

బోర్డు విడిగా దొరుకుతుందా, దొరికితే ఎన్నేళ్ల వరకు అమ్ముతారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం విన్నాకే కొనమని నా సలహా. ఎక్కువ గంటలు తిరిగే గదికి ఇది నిస్సందేహంగా తగిన ఫ్యాను. ఏడాదికి పది రోజులు కూడా వాడని అతిథి గదిలో మాత్రం నేను పాతదాన్నే ఉంచాను.