ఫోటోలో ఉన్న వాచీ యంత్రం ఒకటి, చేతికొచ్చింది మరొకటి: ఈ అమ్మకందారుతో జాగ్రత్త

పాత ఒమేగాలు, సీకోలు అమ్ముతూ, ప్రతి వాచీకీ వెనక మూత తీసిన ఫోటో ఒకటి జతచేసి "అంతా ఒరిజినల్, సర్వీసు పూర్తయింది" అని రాసే ఆ అమ్మకందారు మనలో చాలామందికి తెలిసినవాడే. పేరు రాయడం లేదు. పాత వాచీలు కొనే అలవాటున్నవారికి ఈ ఆనవాళ్లు చాలు. అతని దగ్గర కొన్న వాచీ మొన్న సాయంత్రం నా చేతికి వచ్చింది, నిన్న మధ్యాహ్నం దాని మూత తెరిపించాను, రాత్రంతా నిద్ర పట్టలేదు. కోపం చల్లారాక నిదానంగా రాద్దామనుకున్నాను కానీ, ఈలోగా ఇంకెవరైనా డబ్బు పంపేస్తారేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను.

మా నాన్నగారు 1966లో పుట్టారు. ఆ ఏడాది ప్రాంతంలో తయారైన, కీ ఇచ్చి నడిపే వాచీ ఒకటి ఆయన చేతికి పెట్టాలని ఏడాదిగా డబ్బు కూడబెడుతున్నాను. చివరికి ఒక ఒమేగా సీమాస్టర్ కనిపించింది: 601 కాలిబర్ (లోపలి యంత్రం రకం), 17 జ్యువెల్స్ (ఇరుసులు అరగకుండా అమర్చే చిన్న కెంపురాళ్లు), గంటకు 19,800 కొట్టుళ్లు, చెప్పుకోదగ్గ గీతలు లేని కేసు. ఆ కాలపు ఒమేగాల్లో వరుస సంఖ్య యంత్రం మీదే చెక్కి ఉంటుంది, దాన్ని బట్టి వాచీ ఏ కాలానిదో దాదాపుగా చెప్పవచ్చు. ఫోటోలో, రాగి రంగు పూత మీద, 24తో మొదలై 417తో ముగిసే ఎనిమిదంకెల సంఖ్య స్పష్టంగా కనిపించింది. "ఈ సంఖ్య కోసమే కొంటున్నాను, మా నాన్నగారు పుట్టిన ఏడాదికి దగ్గరగా ఉంది" అని అతనికి రాశాను. "సార్, ఈ వాచీ మీ నాన్నగారి కోసమే ఇన్నాళ్లూ నా దగ్గర ఆగింది" అని జవాబిచ్చాడు. ఆ మాట చదివి ఇంట్లో అందరికీ చూపించాను.

అమ్మకాల సైటుకు కమిషన్ దండగ ఎందుకు, డబ్బు నేరుగా తనకే పంపితే ఇద్దరికీ మంచిదన్నాడు. సరేనని పంపేశాను. ఈ ఒక్క పనితో, తరువాత ఫిర్యాదు చేసుకోవడానికి ఉన్న దారిని నా చేతులతోనే మూసేసుకున్నాను. ఇన్నేళ్లుగా పాత వాచీలు కొంటున్నవాణ్ణి, ఎవరైనా ఇలా చేస్తే వద్దని వారించేవాణ్ణి, నా దగ్గరికి వచ్చేసరికి ఒక తీపి మాటకు కరిగిపోయాను. దీనికి నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

వాచీ వచ్చిన రాత్రే కొంత అనుమానం కలిగింది. కీ ఇస్తుంటే మెత్తగా తిరగడం లేదు, లోపల ఇసుక పడ్డట్టు వేళ్లకు గరగరలాడింది. గదిలో దీపం ఆర్పాక గంటల ముల్లు, నిమిషాల ముల్లు పచ్చగా వెలుగుతూ కనిపించాయి, డయల్ మీది చుక్కలు మాత్రం చీకట్లో కలిసిపోయాయి. డయల్ అడుగున, ఆరు గంటల గుర్తు కింద, "టి స్విస్ మేడ్ టి" అని ఉంది. అక్కడ టి అంటే ట్రిటియం, చీకట్లో వెలిగే రంగులో కలిపే రేడియోధార్మిక పదార్థం. 1960లలో వాచీ కంపెనీలు రేడియం వదిలి దానికి మారాయి. ట్రిటియం అర్ధ జీవిత కాలం, అంటే దాని శక్తి సగానికి తగ్గే సమయం, పన్నెండేళ్లకు కొంచెం ఎక్కువ కాబట్టి అరవై ఏళ్లయ్యేసరికి అది దాదాపు ముప్పయ్యో వంతుకు పడిపోతుంది, పూసిన రసాయనం కూడా అప్పటికి వెలుగునిచ్చే గుణం పోగొట్టుకుంటుంది. అంటే డయల్ మీది చుక్కలు వెలగకపోవడమే సహజం. అంత పచ్చగా వెలిగిన ముళ్ల మీద ఉన్నది మాత్రం ఈ మధ్య పూసిన కొత్త రంగు, లేదా ముళ్లే వేరే వాచీవి. "అంతా ఒరిజినల్" అన్న మాట అక్కడే తేలిపోయింది. అయినా ముళ్లు మార్చి ఉంటే ఉండనీ, యంత్రం అదే కదా అని సర్దిచెప్పుకుని పడుకున్నాను.

మరునాడు నాకు చాలాకాలంగా తెలిసిన మెకానిక్ గారి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన నలభై ఏళ్లుగా వాచీలే బాగుచేస్తున్నారు, ఎక్కువ మాట్లాడరు. రబ్బరు బంతిని మూతకు అదిమిపెట్టి మర తిప్పి మూత తీశారు, కంటికి భూతద్దం పెట్టుకున్నారు. సంఖ్య చదవమని అడిగి, నేను ఫోన్‌లో దాచుకున్న ఫోటో తెరిచి పట్టుకున్నాను. ఆయన ఒక్కొక్క అంకే విడిగా చదవడం మొదలుపెట్టారు. "రెండు. సున్నా." నేను ఆపి, రెండో అంకె నాలుగు ఉండాలండీ, సరిగా చూడండి అన్నాను. ఆయన వాచీని దీపం వైపు వంచి మళ్లీ చూసి, ఏమీ అనకుండా భూతద్దం తీసి నా చేతికిచ్చారు. నేనే చూశాను. 20తో మొదలైన సంఖ్య, చివరి మూడంకెలు 862. అంటే ఫోటోలోని యంత్రం కంటే కొన్నేళ్లు పాతది, మా నాన్నగారు పుట్టిన ఏడాదితో దానికి ఏ సంబంధమూ లేదు.

అప్పుడు ఫోటోనూ వాచీనూ పక్కపక్కన పెట్టి చూశాం. ఫోటోలో స్క్రూల తలలు అద్దంలా మెరుస్తున్నాయి. నా వాచీలో కొలత సరిపోని స్క్రూడ్రైవర్ జారి జారి గాట్లన్నీ అరిగిపోయి ఉన్నాయి. ఫోటోలో బ్రిడ్జి (చక్రాలను పైనుంచి పట్టి ఉంచే పలక) అంచున వెంట్రుకంత గీత ఒకటి ఉంది, నా దాంట్లో లేదు. కీ కాడ దగ్గర తుప్పు, జ్యువెల్స్ చుట్టూ ఎండి గోధుమరంగుకు తిరిగిన పాత నూనె. ఈ మధ్యే సర్వీసు చేసిన యంత్రంలో ఆ నూనె తేటగా, చిన్న బిందువులా కనిపించాలి. కొలిచే యంత్రం మీద పెడితే, నిండా కీ ఇచ్చి డయల్ పైకి ఉంచినా, బ్యాలన్స్ వీల్ (అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిర్ణయించే చక్రం) ఊపు 170 డిగ్రీలు దాటలేదు. బాగా సర్వీసైన వాచీ అయితే ఆ స్థితిలో 270 డిగ్రీల దాకా రావాలి. రోజుకు ఎనభై సెకన్లు వెనకబడుతోంది. సర్వీసు మాట కూడా అబద్ధమే.

అక్కడి నుంచే అతనికి ఫోన్ చేశాను. ఏదో పొరపాటు జరిగి ఉంటుంది, రెండు వాచీలు తారుమారై ఉంటాయి, క్షమించమంటాడు, సరైనది పంపిస్తానంటాడు అనే ఆశ నిజంగా ఉండింది. అతను తొణకలేదు. "ఫోటో నమూనా కోసం పెట్టాను సార్, 601 అంటే అన్నీ 601లే కదా, సంఖ్యతో టైం చూసుకుంటామా?" అన్నాడు. మా నాన్నగారి సంగతి గుర్తుచేశాను. "మీ నాన్నగారు మూత తీసి చూస్తారా?" అన్నాడు.

ఆ ఒక్క మాట నా చెవుల్లో ఇంకా మోగుతోంది. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నేను ఎందుకు కొంటున్నానో తెలిసి, దాన్నే అడ్డంపెట్టుకుని అమ్మి, చివరికి ఆ పెద్దాయనకు ఎలాగూ తెలియదులే అని నాకే చెప్పాడు. వాచీ తిప్పి పంపుతాను, డబ్బు తిరిగి ఇవ్వమన్నాను. "మీరు మూత తెరిపించారు సార్, తెరిచిన వాచీ నేను వెనక్కి తీసుకోను" అన్నాడు. మూత తెరవకపోతే మోసం బయటపడదు, తెరిస్తే వెనక్కి తీసుకోడు. ఈ షరతు అతను ముందే ఆలోచించి పెట్టుకున్నదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆ తరువాత నా నంబరు బ్లాక్ చేశాడు.

"నడుస్తోంది కదా" అనేవారికి ఒక మాట చెప్పాలి. నూనె ఎండిన వాచీ నడుస్తూనే అరిగిపోతుంది. చక్రాల ఇరుసుల కొనలు సన్నని ఉక్కువి. జిడ్డు గట్టిపడి అందులో దుమ్ము, లోహపు పొడి చేరితే, ఆ కొనలు రోజూ ఆకురాయి మీద తిరిగినట్టు తిరుగుతాయి. అందుకే మెకానిక్ గారు దాన్ని నడపవద్దని ఆపేసి ఇచ్చారు. పూర్తిగా విప్పి, కడిగి, కొత్త మెయిన్ స్ప్రింగ్ వేసి, నూనె పెట్టాలన్నారు. చేయిస్తాను. ఆ యంత్రం ఏ పాపమూ చేయలేదు. కానీ నాన్నగారికి అది ఇవ్వలేను. చూసిన ప్రతిసారీ ఆ మాటే గుర్తొస్తుంది.

నేను చేయాల్సింది చాలా చిన్న పని. డయల్, మూత తీసిన యంత్రం, ఆ రోజు తేదీతో పాటు నా పేరు రాసిన కాగితం, ఈ మూడూ వరుసగా, మధ్యలో ఎక్కడా ఆపకుండా తీసిన వీడియో అడగాల్సింది. నేను వాచీ నడుస్తున్న వీడియో మాత్రమే అడిగాను, సెకన్ల ముల్లు తిరగడం చూసి తృప్తిపడ్డాను. అలా అడిగితే కసురుకునే అమ్మకందారు దగ్గర కొనకండి, డబ్బు నేరుగా పంపకండి, మూత తెరిపించి చూసుకునే గడువు ఎన్ని రోజులో ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

ఇది రాస్తుండగానే అతని కొత్త ప్రకటన చూశాను. ఈసారి నల్ల డయల్ సీమాస్టర్, కేసు వేరు, పట్టీ వేరు. మూత తీసిన ఫోటో మాత్రం అదే: అవే మెరిసే స్క్రూలు, బ్రిడ్జి అంచున అదే గీత, అదే 417. ఈ మధ్య అతని దగ్గర 601 కొన్నవారు ఎవరైనా ఉంటే, దయచేసి ఈ రోజే మూత తెరిపించి చివరి మూడంకెలు చూసుకోండి, సరిపోలకపోతే నాకు రాయండి. నా దగ్గర రెండు ఫోటోలూ, అతను రాసిన సందేశాలన్నీ ఉన్నాయి. నలుగురం కలిస్తే ఫిర్యాదు చేయడం సులువవుతుంది.