మెష్ పనిలో ఐదేళ్లు: 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్, 18 వోల్టుల బ్యాటరీ డ్రిల్

నరసాపురంలో దోమల మెష్ తలుపులు, కిటికీలు బిగించడం నా పని. ఇటు పాలకొల్లు దాకా, అటు పంటు ఎక్కి వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి, రాజోలు దాకా ఆర్డర్లు ఉంటాయి. 2020 వరకు వైరు డ్రిల్లే వాడాను. కిటికీ ఉన్న చోట ప్లగ్ పాయింటు ఉండదు. ఎక్స్‌టెన్షన్ బాక్సు హాల్లోంచి లాక్కుని రావాలి, ఇంట్లో చిన్నపిల్లలుంటే వైరు మీదే ఒక కన్ను ఉండాలి. సగం పనిలో కరెంటు పోయేది. "కూర్చో బాబూ, టీ పెడతాను" అనేవారు ఇంటివాళ్లు. టీ బాగానే ఉండేది గానీ, ఆ రోజు రెండో ఇంటికి వెళ్లడం కుదిరేది కాదు.

అందుకే 2020 చివర్లో 12 వోల్టుల బ్యాటరీ డ్రిల్ కొన్నాను. రెండేళ్లు తిరగకముందే 18 వోల్టులదీ తీసుకున్నాను. ఇప్పటికీ రెండూ నా పెట్టెలోనే ఉన్నాయి. రోజూ చేతిలో ఉండేది మాత్రం చిన్నదే. బ్యాటరీతో కలిపి కేజీ చుట్టూ బరువు ఉంటుంది. వెంటిలేటర్‌కి మెష్ కొట్టేటప్పుడు నిచ్చెన మీద నిలబడి ఒంటి చేత్తో పైకి ఎత్తి పట్టుకోవాలి. ఆ పని సాయంత్రం దాకా చేస్తే అరకేజీ తేడా ఏమిటో భుజానికి తెలుస్తుంది. అల్యూమినియం ఫ్రేములు, టేకు ద్వారబంధాలు, ఇటుక గోడలో ప్లాస్టిక్ ప్లగ్గు కోసం 6 మిల్లీమీటర్ల బెజ్జం, వీటిలో దేనికీ అది నన్ను నిరాశపరచలేదు. 2 ఆంపియర్ అవర్ (బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే లెక్క) బ్యాటరీలు రెండు ఉంటే మామూలు రోజు గడిచిపోతుంది.

గోడ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మా ఊళ్లో పాత ఇళ్లకి సున్నం గోడలు ఉన్నాయి. వాటి మీద హేమర్ మోడ్, అంటే తిరుగుతూ దెబ్బలు కూడా కొట్టే పద్ధతి, పెడితే ఇటుక పొడి అయి, 6 అనుకున్న బెజ్జం 8 అవుతుంది, ప్లగ్గు వదులైపోతుంది. హేమర్ తీసేసి మామూలు డ్రిల్లింగులో నెమ్మదిగా పోనిస్తే బెజ్జం శుభ్రంగా వస్తుంది. ఈ సంగతి నాకు రెండు కిటికీలు పాడుచేశాక తెలిసింది. వాటికి మళ్లీ సిమెంటు పెట్టి, మర్నాడు వెళ్లి బిగించి వచ్చాను.

శ్లాబు, బీము, లింటెల్ (తలుపు, కిటికీల పైనుండే కాంక్రీటు దిమ్మ) సంగతి వేరు. బ్యాటరీ డ్రిల్ మీద సుత్తి బొమ్మ ఉందని కాంక్రీటు కోసం దాన్ని కొనకండి. లోపల పళ్లున్న రెండు చక్రాలు ఒకదాని మీద ఒకటి జారుతూ చిన్న చిన్న దెబ్బలు కొడతాయి, అంతే. మనం ఎంత గట్టిగా నొక్కితే దెబ్బ అంత. ఎస్‌డీఎస్ అనే గాడులున్న బిట్ పెట్టే పెద్ద హేమర్ మెషిన్‌లో పిస్టన్ ఉంటుంది, గాలి ఒత్తిడితో అదే కొడుతుంది, మనం ఊరికే పట్టుకుంటే చాలు. మా 12 వోల్టులది లింటెల్‌లో ఒక్క బెజ్జానికి మూడు నిమిషాలు తీసుకుని, చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. ఆ తర్వాత కాంక్రీటు పని ఉంటే హేమర్ మెషిన్ అద్దెకి తెస్తున్నాను. ఇంట్లో ఒకటో రెండో ఫ్యాన్ హుక్కుల కోసమైతే మీరూ అదే చేయండి.

18 వోల్టుల దాని విలువ నాకు 2022 జూలై వరదల తర్వాత అర్థమైంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి నీళ్లు వచ్చిన నెల అది. గోదావరి లంకల్లో నీళ్లు తీశాక తలుపులు ఉబ్బి పట్టేశాయి, బందులు తుప్పు పట్టి ఊడిపోయాయి. స్తంభాలు పడిపోయి కరెంటు ఇంకా రాలేదు. నానిన టేకులో పొడుగు స్క్రూలు దింపాలంటే చిన్న మెషిన్ మధ్యలోనే ఆగిపోయేది. పెద్దది నెమ్మదిగా, బలంగా తిరిగే మొదటి గేరులో పెడితే ఆగకుండా దింపింది. 4 ఆంపియర్ అవర్ బ్యాటరీలు రెండు రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగు పెట్టుకుని వెళ్లి, వారం రోజులు ఇంటింటికీ తలుపులు ఎత్తి పెట్టాం. ఒక పెద్దావిడ "తలుపు మూసుకుని పడుకుని పది రోజులైందయ్యా" అంది. ఆ రాత్రి ఆవిడ గడియ వేసుకున్న చప్పుడు విన్నాకే మేం పడవ ఎక్కాం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంత బలమున్న మెషిన్‌కి బిట్ చెక్కలో ఇరుక్కుంటే మెషినే తిరిగి మణికట్టు మెలేస్తుంది. పక్క హ్యాండిల్ ఉంటే తగిలించుకోవాలి.

ఇక వోల్టుల మాట. మా బావమరిది 48 వోల్టులని స్టిక్కరున్న డ్రిల్ ఒకటి ఆన్‌లైన్‌లో తక్కువకి కొన్నాడు. "బావా, నీది పన్నెండు, నాది నలభై ఎనిమిది" అన్నాడు. ఆరు నెలలకే బ్యాటరీ పోయింది. విప్పి చూస్తే లోపల ఐదే సెల్స్. ఒక లిథియం అయాన్ సెల్ మామూలుగా 3.6 వోల్టులు, నిండా ఛార్జి అయితే 4.2. వరసగా ఐదు కలిపితే మామూలుగా 18, నిండా ఉన్నప్పుడు 21. అంటే 18 అన్నా, 20 అన్నా, 21 అన్నా వరసలో అదే ఐదు సెల్స్. డివాల్ట్ అమెరికాలో 20 వోల్ట్ మ్యాక్స్ అని అమ్మేది యూరప్‌లో 18 వోల్టులనే అమ్ముతుంది. 12 వోల్టులదాంట్లో మూడు సెల్స్, నిజానికి 10.8. కాబట్టి స్టిక్కరు వదిలేసి వోల్టుల్ని ఆంపియర్ అవర్‌తో గుణించుకోండి, బ్యాటరీలో మొత్తం ఎంత శక్తి ఉందో వాట్ అవర్లలో వస్తుంది. నా చిన్న బ్యాటరీ 10.8 ఇంటూ 2, సుమారు 22 వాట్ అవర్. పెద్దది 18 ఇంటూ 4, 72. మూడు రెట్లకి పైనే. పనిలో నాకు కనిపించిన తేడా కూడా దాదాపు అంతే.

బ్రష్‌లెస్, అంటే మోటారులో అరిగే కార్బన్ బ్రష్‌లు లేనిది, తీసుకోవాలా అని చాలామంది అడుగుతారు. నా చిన్నది కార్బన్లున్నది, పెద్దది బ్రష్‌లెస్. బ్రష్‌లెస్ తక్కువ వేడెక్కుతుంది, అదే బ్యాటరీతో ఎక్కువ పని చేస్తుంది. రోజూ వాడేవాళ్లకి దండగ కాదు. ఇంటివాడకానికి అవసరం లేదు.

నన్ను ఎక్కువ ఖర్చు పెట్టించినవి ఎండ, ఉప్పుగాలి. ఒక మే నెలలో అంతర్వేది వైపు పనికి వెళ్లి, నిండా ఛార్జి ఉన్న బ్యాటరీని రేకు పెట్టెలో పెట్టి, బండి ఎండలోనే వదిలేశాను. అలా వారం చేశాను. ఆ బ్యాటరీ తర్వాత సగం పూట కూడా రాలేదు. లిథియం బ్యాటరీకి నిండా ఛార్జి, వేడి రెండూ కలిస్తే చెరుపు. ఇప్పుడు పనయ్యాక వేడి చల్లారేదాకా ఛార్జింగు పెట్టను. వానాకాలంలో పని లేని రోజుల్లో సగం ఛార్జితో ఉంచుతాను. సముద్రం వైపు పనికి వెళ్లొస్తే చక్ (బిట్‌ని పట్టుకునే ముందు భాగం) తుడిచి, దాని దవడల మధ్య కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేస్తాను. బ్యాటరీ కాళ్ల మీద, అంటే మెషిన్‌కి తగిలే రేకుల మీద, ఆకుపచ్చగా చిలుము పడితే పొడి గుడ్డతో రుద్దుతాను. మొదటి ఏడాది ఇవేవీ చేయలేదు, చక్ పట్టేసి మార్చాల్సి వచ్చింది.

ఏది కొన్నా మొదట అడగాల్సింది ఆ కంపెనీ బ్యాటరీ విడిగా దొరుకుతుందా, ఎంతకి దొరుకుతుంది అని. బాష్ బ్యాటరీ మకిటాకి పట్టదు, మకిటాది డివాల్ట్‌కి పట్టదు. మొదటి మెషిన్‌తోనే మీరు ఒక బ్యాటరీ వరసకి కట్టుబడిపోతారు. ఆ తర్వాత కొనే కట్టర్‌కీ, గ్రైండర్‌కీ కూడా అదే వరస చూసుకోవాలి. ఇంటి కోసమైతే 12 వోల్టులది, రెండు బ్యాటరీలతో తీసుకోండి. వడ్రంగం, చేపల చెరువు గట్ల మీద షెడ్లు, చెరువు నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ల బోల్టులు లాంటి పనులుంటే 18 వైపు వెళ్లండి.

నా చిన్న మెషిన్ బ్యాటరీల్లో ఎండకి దెబ్బతిన్నది పోయిన ఏడాది పూర్తిగా ఆగిపోయింది. రెండోది ఇంకా మూడు కిటికీల దాకా లాగుతోంది. కార్బన్లు ఒకసారి మార్చాను, గేర్లు మొదటివే. కొత్త బ్యాటరీ తణుకులో దొరికింది, ఈ శనివారం వెళ్లి తెచ్చుకుంటాను.