ఆటిజం ఉన్న పిల్లల కోసమంటూ అమ్ముతున్న బ్యాలెన్స్ కిట్‌తో జాగ్రత్త

ఆటిజం ఉన్న పిల్లల నడక, నిలకడ మూడు నెలల్లో చక్కబడతాయన్న ప్రకటన చూసి మా అబ్బాయి కోసం ఆన్‌లైన్‌లో ఒక కిట్ తెప్పించాం. అందులో ఒక బ్యాలెన్స్ బోర్డు, నడుముకూ భుజాలకూ బిగించే పోశ్చర్ బెల్టు ఉన్నాయి. ఇలాంటివి కొనాలనుకుంటున్న తల్లిదండ్రులు డబ్బు కట్టే ముందు ఇది చదవాలని కోరుతున్నాను.

బోర్డు జారకుండా అడుగున అతికించిన రబ్బరు పట్టీ కొద్ది రోజులకే జిగురు వదిలి ఒక పక్క ఊడిపోయింది. బాబు కాలు పెట్టగానే బోర్డు టైల్స్ మీద జారడంతో మోచేయి నేలకు కొట్టుకునేలా పడ్డాడు. ఎముకకు ఏమీ కాలేదు గానీ, అప్పటి నుంచి మెట్లు దిగాలన్నా నా చెయ్యి వదలడం లేదు. బెల్టు విషయం ఇంకా బాధాకరం. చంకల కింద చర్మం ఒరుసుకుపోయి కందిపోయినా, మాటలు రాని పిల్లవాడు నొప్పిగా ఉందని చెప్పలేడు కదా!

మనం పడిపోకుండా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, కండరాలు, కీళ్లు పంపే సమాచారాన్ని మెదడు ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలు నిలబడినప్పుడు తోటివారికంటే ఎక్కువగా ఊగుతారని, కళ్లు మూసినా మెత్తటి నేల మీద నిలబెట్టినా ఆ ఊగడం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. అయితే ఇబ్బంది ఎక్కడుందన్నది ఒక్కో బిడ్డలో ఒక్కో తీరు. కాబట్టి పిల్లవాడిని చూడకుండా అందరికీ ఒకే కిట్ పంపి ఫలితానికి గడువు పెట్టడం మోసమేనని నా అభిప్రాయం. బెల్టు అవసరమయ్యే పిల్లలూ ఉంటారు, కానీ ఆ మాట ఆక్యుపేషనల్ థెరపిస్టో ఫిజియోథెరపిస్టో పరీక్షించి చెప్పాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే డీఈఐసీ కేంద్రాల్లో, సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం నడిచే జాతీయ సంస్థ (ఎన్ఐఈపీఐడీ)లో పిల్లలను చూపించుకోవచ్చు.

వాడిన వస్తువును వాపసు తీసుకోనని అమ్మకందారు తేల్చి చెప్పాడు. లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనే వీలు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అతనికి లేదు. పెట్టె మీద తయారీదారు చిరునామా లేదు. పిల్లల ఆటవస్తువులకు 2021 నుంచి తప్పనిసరైన ఐఎస్ఐ గుర్తు కూడా లేదు.

ఇప్పటికే కొన్నవారు బోర్డు తిరగేసి ఆ పట్టీని ఈరోజే లాగి చూడండి. ఊడివస్తుంటే బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్, ఫొటోలు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.